గాలి పట్టిన తేదీ

గాలి పట్టడమంటే సైకిల్‌కే అనుకునేవాణ్ణి, అశోక్‌నగర్‌లో శ్రీరామమూర్తిగారి మేడమీది గదిలో అద్దెకు దిగేదాకా. ఆ ఇంట్లో నీళ్ళ ట్యాంకుకు కూడా గాలి పట్టాలి. తొంభై ఆరు ఎండాకాలంలో ఆ పని నాది.

శ్రీరామమూర్తిగారు రిటైరైన ఓవర్సీరు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. బర్కత్‌పురలో ఉన్న కూతురు రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి ఇచ్చిపోయేది. వీధిలో అందరి డాబాల మీదా సిమెంటు ట్యాంకులుంటే, ఈయన మాత్రం పెరట్లో బావి పక్కన చిన్న రేకుల గది వేయించి, అందులో మనిషంత ఎత్తు ఇనప ట్యాంకు నిలబెట్టారు. డాబా మీద నీళ్ళు ఎండకు కాగిపోతాయని, పాచి పడతాయని ఆయన వాదన. ఈ ట్యాంకు అన్ని వైపులా మూసే ఉంటుంది. మోటారు బావిలోంచి నీళ్ళు తోడి అందులోకి నెడుతుంది. పైన ఉన్న గాలికి పోయే దారి లేక ఒత్తుకుపోతుంది. ఎవరైనా నల్లా తిప్పితే ఆ గాలే నీళ్ళను బయటికి తోస్తుంది, మేడమీద నా బాత్రూమ్ దాకా. ఒత్తిడి చూపే మీటరు ముల్లు నలభైకి వస్తే మోటారు తనంతట తానే ఆగుతుంది. ఇరవైకి పడితే తనంతట తానే లేస్తుంది. లేచేటప్పుడు ‘టక్’ మని ఒక చప్పుడు. గాలి సరిగ్గా ఉంటే నాలుగు బిందెలు పట్టుకున్నా ఆ చప్పుడు రాదు.

తిప్పలల్లా ఆ గాలితోనే. కొంత నీళ్ళల్లో కరిగిపోతుంది, కొంత పాతబడిన వాల్వులోంచి జారిపోతుంది. గాలి పోయి ట్యాంకు నిండా నీళ్ళే అయితే, ఒక్క చెంబు తీసినా ముల్లు దభీమని పడుతుంది. మోటారు లేస్తుంది, రెండు క్షణాల్లో ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎక్కడో ఒక నల్లా బొట్లు బొట్లుగా కారినా చాలు, అదే వరస; ఆ ఇంట్లో ఏదో ఒక నల్లా కారుతూనే ఉండేది. అలా పోగాపోగా మోటారు కాలిపోతుంది. అందుకని నెలకోసారి కరెంటు ఆపి, అడుగున మూత విప్పి, ట్యాంకంతా ఖాళీ చేసి, మళ్ళీ మూత బిగించి, పైన ఉన్న వాల్వుకు సైకిల్ పంపు తగిలించి కొట్టాలి. ముల్లు పద్దెనిమిదికి రావాలంటే ఆరేడు వందల దెబ్బలు పడతాయి. గంటన్నర పని. అయ్యాక ట్యాంకు మీద సుద్దముక్కతో తేదీ వేయాలి. అది ఆ ఇంటి ఆచారం. పదేళ్ళుగా ఆయన ఒక్క నెల తప్పలేదు.

ఆ మార్చిలో ఆయనకు ఒక కంటికి శుక్లాల ఆపరేషనైంది. రెండో కంటికి మే మొదట్లో చేస్తామన్నారు. వంగకూడదు, బరువులు ఎత్తకూడదు. ఆపరేషన్‌కు ముందే నన్ను రేకుల గదిలోకి తీసుకెళ్ళి ఒకసారి చేసి చూపించి, పంపు నా చేతికిచ్చారు. చదువుకున్నవాడివి, నీకు రెండోసారి చెప్పాల్సిన పనిలేదన్నారు. అది నాకు పొగడ్తలాగే వినిపించింది.

నాకు జూన్‌లో పరీక్ష. సర్వీస్ కమిషన్ పరీక్ష రాయడం అది రెండోసారి. పరకాల నుంచి వచ్చిన మాలాంటివాళ్ళు ఆ చుట్టుపక్కల హాస్టళ్ళలో గదికి ఆరుగురు చొప్పున మంచాలు వేసుకుని చదివేవాళ్ళు. నాకు మాత్రం ఒంటరి గది, కిటికీ పక్కన బల్ల. చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి ఐదు నిమిషాలు. ఆ గది కోసం ఏడాది తిరిగాను. పోతే మళ్ళీ దొరకదు. అప్పుడు నా బుర్రలో పరీక్ష తర్వాత ఉన్నది ఆ గదే.

మార్చి ముప్పై ఒకటి ఆదివారం. పొద్దున ఏడింటికే పంపు పట్టుకుని రేకుల గదిలోకి వెళ్ళాను. ఎనిమిది దాటితే లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ దొరకదు. సాయంత్రం వచ్చి పడదాంలే అనుకుని, ముందుగా తేదీ మాత్రం వేసి వెళ్ళాను. మధ్యాహ్నం కూతురొస్తే ఆయన చూసి రమ్మంటారని నాకు తెలుసు. సాయంత్రం నేను పట్టలేదు. ఏప్రిల్ నెలాఖరున పంపు కూడా తీసుకెళ్ళలేదు. సుద్దముక్క ఒక్కటే తీసుకెళ్ళాను. పాత తేదీ తుడిచి కొత్తది వేశాను. నా రాత గుండ్రంగా ఉంటుంది.

మే రెండో వారంలో మోటారు బయటపెట్టేసింది.

రెండో కంటి ఆపరేషనయ్యాక శ్రీరామమూర్తిగారు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని పగలంతా వెనక వరండాలో మడతమంచం మీద పడుకునేవారు. రేకుల గది అక్కడికి పది అడుగులు. మొదటి కంటికింకా అద్దాలు రాలేదు, చూపు ఆనదు, చదవడానికి లేదు, ఆ మనిషికి మిగిలింది చెవి. మోటారు ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు నేను లైబ్రరీ నుంచి రాగానే, పొద్దున్నుంచి యాభై రెండుసార్లు అన్నారు. తర్వాత మామూలుగా అడిగారు.

“ఏమోయ్, గాలి పట్టావు కదూ?”

“పట్టాను సార్.”

“తేదీ ఉందని అమ్మాయీ చెప్పింది. అయితే గాలి తప్పు కాదు. ఎవరో నీళ్ళు వదిలేస్తున్నారు.”

నేను రేకుల గదిలోకి వెళ్ళి ట్యాంకును వేలి కణుపుతో తట్టి చూశాను. గాలి ఉంటే పైసగం డొల్లగా మోగాలి. కింది నుంచి మీది దాకా ఒక్కటే మొద్దు చప్పుడు. అరచెయ్యి ఆనిస్తే పైదాకా చల్లగా ఉంది. నాకు తెలియదని చెప్పుకునే వీలు ఆ క్షణం నుంచి లేదు.

అప్పుడే పట్టేయొచ్చుగా అని మీరంటారు. ట్యాంకు ఖాళీ చేస్తే నీళ్ళ చప్పుడు, పంపు కొడితే దాని కీచు చప్పుడు, పది అడుగుల దూరంలో ఆయన. రెండు వారాల కింద పట్టిన గాలి మళ్ళీ ఎందుకు పడుతున్నావంటే ఏం చెప్పను? గురువారం ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళతారు, అప్పుడు పడదామనుకున్నాను. ఆ గురువారం హిమాయత్‌నగర్‌లో నాకు మోడల్ టెస్టు పెట్టారు. పై గురువారానికి వాయిదా వేసుకున్నాను.

ఈలోగా ఆయన ఆలోచన పెరటి గది మీద పడింది.

పెరటి గదిలో దాసయ్య, కురుమమ్మ, వాళ్ళ బిడ్డ మహేశ్వరి ఉండేవాళ్ళు. పాలమూరు జిల్లా వాళ్ళు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కట్టడాల పనికి పోయేవాళ్ళు. గదికి అద్దె లేదు. దానికి బదులు కురుమమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి, మొక్కలకు నీళ్ళు పోసి, పెద్దాయనకు కాఫీ నీళ్ళు పెట్టి వెళ్ళేది. ఆ గది ఉంది కాబట్టే మహేశ్వరిని నారాయణగూడ బళ్ళో వేశారు. లేకపోతే ఏ బిల్డింగు లేస్తే ఆ బిల్డింగు కింద మకాం, బడి ఉండదు. ఎనిమిదేళ్ళ పిల్ల. వేసవి సెలవులు కాబట్టి పగలంతా పెరట్లో ఒక్కతే ఆడుకునేది. నేను లైబ్రరీలో, వాళ్ళమ్మానాన్నా పనిలో. ఇక ఇంట్లో మోటారును లేపేది ఎవరు? పెద్దాయన లెక్క అలా తేలింది. లెక్కలో తప్పేం లేదు. మొదట నేనిచ్చిన అంకే తప్పు.

సోమవారం పొద్దున, వాళ్ళు పనికి బయల్దేరుతుండగా వరండాలోకి పిలిచారు. నేనప్పుడే కాఫీకని కిందికి దిగాను. ఉండవోయ్ నువ్వు కూడా అన్నారు. ఆయన కేకలేసే మనిషి కాదు. బావిలో మోకాలెత్తు నీళ్ళు కూడా లేవని, మోటారు పట్టుకుంటే కాలుతోందని, నిజం చెబితే ఏమీ అననని నెమ్మదిగానే చెప్పారు. దాసయ్య తలొంచుకుని నేలమీది గచ్చును చూస్తున్నాడు. కురుమమ్మే మాట్లాడింది.

“అబద్ధమాడ సారూ. నాలా పక్క గుడిసెలల్ల రామమ్మకు రెండు బిందెలు ఇస్తున్న. దినాం. ట్యాంకర్ వస్తలేదు. అది నిండు కడుపుతోటి ఉన్నది. మిమ్మల్ని అడగకుంట ఇచ్చుడు నా తప్పే.”

“రెండు బిందెలకు యాభైసార్లు లేవదమ్మా. ఇంకా ఎక్కడో పోతున్నాయి.”

“ఇంక నాకు తెల్వది సారూ.”

“మీరు లేనప్పుడు పిల్ల కుళాయి తిప్పి వదిలేస్తోందేమో.”

కురుమమ్మ వెనక్కి తిరిగి, నల్లా బంద్ చేస్తున్నవా లేదా అని బిడ్డను అడిగింది. మహేశ్వరి తల్లి చీర పట్టుకుని, చేస్తున్న అంది. మళ్ళీ అడిగింది. ఈసారి పిల్ల గొంతు తగ్గింది. ఎనిమిదేళ్ళ పిల్లను నలుగురు పెద్దవాళ్ళు జవాబు కోసం కాచుకుని ఉంటే గొంతు తగ్గక ఏమవుతుంది? పెద్దాయన నేనున్నాననుకున్న వైపు మొహం తిప్పారు.

“నువ్వు ఇక్కడే ఉంటావు కదోయ్. నువ్వేమంటావు?”

గాలి పట్టలేదు సార్ అంటే అయిపోయేది. మూడు మాటలు. నా నోట్లో అవి తయారుగానే ఉన్నాయి. బయటికి మాత్రం ఇంకోటి వచ్చింది.

“చిన్నపిల్ల కద సార్. పోనీయండి.”

దాసయ్య తలెత్తి నన్ను చూశాడు. వాడి కళ్ళల్లో కృతజ్ఞత ఉంది. వాళ్ళ తరఫున మాట్లాడానని అనుకున్నాడు పాపం. పెద్దాయన మాత్రం నా మాటలోంచి తీసుకోవాల్సింది తీసుకున్నారు. పిల్ల మంచిదే, కానీ బావి ఎండిపోతే అందరికీ కష్టమని, ఆదివారంలోగా గది ఖాళీ చేయమని చెప్పారు. కురుమమ్మ బతిమాలలేదు. రామమ్మకు నీళ్ళిచ్చిన తప్పు తనదేనని ఒప్పుకుంది కదా, మిగతాది కూడా దాంతోపాటే నెత్తిన వేసుకుంది.

ఆ మూడు రోజులూ నేను పుస్తకం తెరిచి ఒకే పేజీ చదివాను.

గురువారం పొద్దున్నే కూతురొచ్చి ఆయన్ను ఆటోలో తీసుకెళ్ళింది. ఆటో మలుపు తిరగ్గానే నేను చొక్కా విప్పి రేకుల గదిలోకి దూరాను. కరెంటు ఆపాను. మూత విప్పితే తుప్పు రంగు నీళ్ళు బుసబుసా వచ్చి మొక్కల్లోకి పోయాయి. ఖాళీ అయ్యాక పంపు కొట్టడం మొదలుపెట్టాను. మూడు వందల దాకా లెక్కపెట్టి మానేశాను. భుజాలు లాగుతున్నాయి, రేకుల కింద వేడికి ఒళ్ళంతా చెమట. ముల్లు పద్దెనిమిదికి వచ్చింది. మోటారు వేస్తే చాలాసేపు నిబ్బరంగా నడిచి ఆగింది. పెరటి నల్లా తిప్పి ఒక బిందె పట్టాను. రెండు. మూడు. చప్పుడు లేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. నా పథకం ఏమిటంటే, ఆదివారం దాకా వాళ్ళింకా ఉంటారు. ఈ సాయంత్రం పెద్దాయన వింటారు. పిల్ల పెరట్లోనే ఉంది, మోటారు లేవడం లేదు. అయితే పిల్ల తప్పు కాదన్నమాట, ఉండనీ అంటారు. నేను నోరు విప్పక్కర్లేదు. వాళ్ళ గది వాళ్ళకు, నా గది నాకు. ఆ ఉత్సాహంలో మహేశ్వరిని పిలిచి కబుర్లు చెబుదామని పెరటి గది దాకా వెళ్ళాను.

తలుపు ఓరగా ఉంది. లోపల ఏమీ లేదు. గది ఊడ్చి, పొయ్యి ఉన్న మూల పేడతో అలికి మరీ పోయారు. అలుకు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎటూ పొమ్మన్నాక ఆదివారం దాకా ఎందుకనుకున్నారేమో, తెల్లారగానే మూటలు సర్దుకుని పోయారని పక్కింటావిడ చెప్పింది.

సాయంత్రం శ్రీరామమూర్తిగారు మడతమంచం మీద చాలాసేపు చెవి అటే పెట్టుకుని పడుకున్నారు. కూతురు వంటింట్లో గిన్నెలు కడిగింది. నీళ్ళు పోతున్న చప్పుడు వినిపించింది, మోటారు లేవలేదు.

“చూశావా? వాళ్ళిలా వెళ్ళారు, అదిలా నోరు మూసుకుంది” అన్నారాయన. తనకూ బాధగానే ఉందని, పాపం ఆ పిల్ల కావాలని చేసి ఉండదని అన్నారు. నేను మెట్లెక్కి నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నేను చేసిన ఒకే ఒక్క సరైన పని వాళ్ళ మీద సాక్ష్యమైంది.

పరీక్ష రాసేదాకా ఎవరికీ చెప్పలేదు. అది కూడా దాచను. పరీక్ష నాకన్నా ముఖ్యమైంది, నేను వాళ్ళకన్నా ముఖ్యమైనవాణ్ణి, నా మనసులో వరస అలా ఉండేది.

జూన్ నెలాఖరుకు ఆయన కళ్ళకట్టు తీసి కొత్త అద్దాలిచ్చారు. ఒకరోజు పొద్దున మాసయ్య అనే అతను పెళ్ళాన్ని వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. పాలమూరు నుంచి కొత్తగా వచ్చారట. పెరటి గది ఖాళీగా ఉందని ఎవరో చెబితే అడగడానికొచ్చారు. ఊడవడం, చిమ్మడం, ఏ పని చెప్పినా చేస్తామన్నారు. పెద్దాయన మర్యాదగానే చెప్పారు, మునుపు మీవాళ్ళకే ఇచ్చామని, మీకు కుళాయి కట్టేసే అలవాటు లేదని, ఇక ఇవ్వదలచుకోలేదని. మాసయ్య వాదించలేదు. సరే సారూ అని పెళ్ళాం నెత్తి మీది మూట తన నెత్తికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

నేను మెట్ల మీద ఉన్నాను. నేను గీసిన సుద్ద గీత ఒక ఇంటిని దాటి ఇంకో ఇంటి మీదికి, ఒక జిల్లా మీదికి పాకుతోంది. ఇక ఉండలేకపోయాను. అక్కడే, ఆయన గేటు వేసి తిరిగి వస్తుంటే, మొత్తం చెప్పేశాను. రెండు నెలలు గాలి పట్టలేదని, తేదీలు వట్టివని, ఆ గురువారం ఆయన లేనప్పుడు పట్టానని.

ఆయన నన్ను తిట్టలేదు. రేకుల గదిలోకి వెళ్ళి ట్యాంకు మీద నా గుండ్రటి రాతను అద్దాలు సరిచేసుకుని చదివారు. భుజం మీది కండువాతో తుడిచేశారు.

“నా కళ్ళు బాగుంటే నిన్ను నమ్మాల్సిన అవసరమే ఉండేది కాదోయ్” అన్నారు. కండువా దులిపి భుజాన వేసుకుని, “వాళ్ళెక్కడున్నారో వెతుకు. తీసుకురా. నీ గది సంగతి తర్వాత మాట్లాడదాం” అన్నారు.

నాలుగు రోజులు తిరిగితే బాగ్ లింగంపల్లిలో లేస్తున్న ఒక అపార్ట్‌మెంట్ దగ్గర దొరికారు. సిమెంటు బస్తాలు పెట్టే రేకుల కొట్టంలో ఒక మూల పరదా కట్టుకుని ఉంటున్నారు. దాసయ్య మూడో అంతస్తులో ఉన్నాడు. కురుమమ్మ ఇసుక జల్లెడ పడుతోంది. నన్ను చూసి మొహం వెలిగింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఇటుకలు పేర్చి కూర్చోమంది. పరీక్ష మంచిగ రాసినవా సారూ అని అడిగింది. పెద్దసారు కండ్లెట్ల ఉన్నయని అడిగింది. తర్వాత ఆమెకు అసలు కావలసింది అడిగింది.

“మేం ఎల్లొచ్చినంక మోటర్ లేసుడు బందైందా?”

“అయింది అక్కా. కని…”

“అయితే మా పిల్లనే సారూ. నేను అనుకుంటనే ఉన్న. ఇక్కడికొచ్చినంక దాన్ని కొట్టిన. ఒక్కనాడు కాదు. ఒప్పుకోయే, నల్లా ఇడిసిపెట్టి ఆడుకున్నవ్ గద అని కొట్టిన. ఆఖరికి ఒప్పుకున్నది.”

ఇంటి నుంచి వల్లె వేసుకొచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎలా చెప్పానో తెలియదు, తలా తోకా లేకుండా చెప్పాను. గాలి, ట్యాంకు, సుద్దముక్క, గురువారం. పెద్దసారు మిమ్మల్ని మళ్ళీ గదికి రమ్మన్నారని కూడా చెప్పాను. కురుమమ్మ జల్లెడ పక్కన పెట్టింది. నా మొహంలోకే చూసింది. నాకన్నా ఐదారేళ్ళు పెద్దదేమో. ఆ రోజు మా అమ్మ కన్నా పెద్దగా కనిపించింది.

“గదికి వస్తమో రామో మా ఆయన చెప్తడు. అది తర్వాత ముచ్చట” అంది. “నాకు చెప్పినవ్ సరే. దానికి చెప్పు.”

మహేశ్వరీ అని కేకేసింది. బళ్ళు తెరిచి రెండు వారాలు దాటింది. ఆ పిల్ల ఇటుక ముక్కలున్న చిన్న తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. తట్ట దించి, నన్ను చూసి తల్లి వెనక్కి పోబోయింది. కురుమమ్మ దాని భుజాలు పట్టుకుని నా ముందు నిలబెట్టింది.

నేను ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. మోటారు అన్నిసార్లు లేచింది నావల్లనే అని చెప్పాను. నేను చెయ్యాల్సిన పని చెయ్యలేదని, చేసినట్టు అబద్ధం రాసిన అని, నీ తప్పు ఏం లేదని చెప్పాను. పిల్లకు ట్యాంకు గురించి ఏం అర్థమైందో తెలియదు. కనుబొమలు ముడేసి శ్రద్ధగా వింది. మోచేతి పైన కమిలిన మచ్చ పచ్చబడుతోంది.

“అయితే నేను నల్లా బంద్ చేసిననా?” అని అడిగింది.

“చేసినవ్.”

“అన్నిసార్లు?”

“అన్నిసార్లు చేసినవ్ బిడ్డా.”

ఆ పిల్ల నా వైపు ఇంకా కాసేపు చూసింది, నేను మళ్ళీ మాట మారుస్తానేమోనని. తర్వాత తల్లి వైపు తిరిగింది.

“నేను చెప్పిన గద అమ్మా” అంది.